మా పొట్టేలు ఓడిపోయిన ఆదివారం

ఈ మధ్య అరోరా ఊళ్లో తెలిసినవాళ్లింటికి భోజనానికి వెళ్లాను. కాలేజీలో చదువుకుంటున్న వాళ్లమ్మాయి నా పక్కన కూర్చుని, "ఆంటీ, రిటైర్ అవ్వకముందు మీరు వర్క్‌లో ఏం చేసేవారు?" అని అడిగింది. "చలికాలం వస్తుంటే కొండెక్కి గొర్రెల పెళ్లిళ్లు చూసేదాన్నమ్మా" అన్నాను. ఆ పిల్ల మర్యాదగా నవ్వి, కాసేపాగి వంటింట్లోకి వెళ్లి తల్లి చెవిలో ఏదో చెప్పింది. తల్లి నా వైపు జాలిగా చూసింది. నా మతి మీద ఇద్దరికీ అనుమానం వచ్చినట్టుంది. ఆ అనుమానం పోగొట్టడానికే ఇది రాస్తున్నాను. ఉద్యోగం అనగానే శాంటా క్లారాలో కంప్యూటర్ ముందో, జెర్సీ సిటీ నుంచి రైలెక్కి వెళ్లే ఆఫీసులోనో కూర్చోవడమే అనుకునే పిల్లలు మీలోనూ చాలామంది ఉంటారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

నేను పశువుల డాక్టర్ని. ఆంధ్రాలో చదువుకుని, అక్కడే కొన్నాళ్లు ఊరూరా తిరిగి గొర్రెలకి కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించాను. మావారు మనుషుల డాక్టరు. డెబ్బైల చివర్లో అమెరికా వచ్చాం. ఇక్కడి డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని ఊళ్లకి ఆ రోజుల్లో మన డాక్టర్లు వెళ్లేవారు. అలా మాకు రాకీ పర్వతాల నడుమ ఒక చిన్న ఊరు దక్కింది. ఆ ఊళ్లోనే రాష్ట్ర వన్యప్రాణి శాఖ వాళ్ల ఆఫీసొకటి ఉండేది. వాళ్ల కొండల మీది అడవి గొర్రెలకి ఊపిరితిత్తుల్లో నట్టలు పడుతున్నాయి, గొర్రెలు తెలిసిన డాక్టరు కావాలన్నారు. ఇంటర్వ్యూలో "నువ్వెప్పుడైనా గొర్రెని పట్టుకున్నావా?" అని అడిగారు. "పట్టుకున్నాను, మందు తాగించాను, అవి నా మొహం మీద దగ్గాయి కూడా" అన్నాను. ఉద్యోగం ఇచ్చేశారు. ఏ రాష్ట్రమో మాత్రం చెప్పను. పెన్షను ఇంకా వాళ్ల దగ్గర నుంచే వస్తోంది.

ఆ గొర్రెల సంగతి కాస్త చెప్పాలి. మన గొర్రెల్లా వీటికి ఉన్ని ఉండదు, జింకకున్నట్టు పొట్టి వెంట్రుకలుంటాయి. పొట్టేళ్ల కొమ్ములు చెవుల వెనకనుంచి గుండ్రంగా తిరిగి మళ్లీ మొహం ముందుకి వస్తాయి. ఏడాదంతా పొట్టేళ్లు ఒక కొండ మీద, ఆడవాళ్లూ పిల్లలూ ఇంకో కొండ మీద. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నవంబరులో చలి ముదిరి ఆడగొర్రెలు ఎదకి వచ్చే వేళకి పొట్టేళ్లు దిగి వస్తాయి. ముందు ఎవరు గొప్పో తేలాలి. దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, వెనక కాళ్ల మీద లేచి, తల తలకేసి కొట్టుకుంటాయి. ఆ చప్పుడు తుపాకి పేలినట్టు లోయ అవతలికి వినిపిస్తుంది. కొట్టుకున్నాక వెంటనే మళ్లీ కలబడవు. రెండూ పక్కకి తిరిగి, "చూశావా నా కొమ్ములు" అన్నట్టు కాసేపు కదలకుండా నిలబడతాయి. ఎవరో ఒకరు ఓడిపోయాననుకున్నాక, ఓడినవాడు తల దించుకుని గడ్డి మేస్తున్నట్టు నటిస్తూ జారుకుంటాడు. ఇక ఆ విషయం ముగిసినట్టే. గెలిచినవాడు ఆడవాళ్ల దగ్గరికి వెళతాడు. తేలకపోతే మాత్రం పెళ్లిలేదు.

ఇప్పుడు మా పెద్దాయన గురించి. ఆయన నాకు పై అధికారి. పొడవాటి మనిషి, ఫ్లాస్కులో కాఫీ, నడుముకి దుర్భిణి లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నన్ను "డాక్" అని పిలిచేవాడు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషువే, మీకోసం తెలుగులో చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన చూస్తుండగానే ఒక కొండ మీది అడవి గొర్రెలు జబ్బుచేసి వరసగా చచ్చిపోయాయట. ఆఖరి దాన్ని ఆయనే భుజాన వేసుకుని కిందికి మోశాడు. అప్పటి నుంచీ ఆ కొండకి మళ్లీ గొర్రెల్ని తేవాలని అడుగుతూ అడుగుతూ జుట్టు నెరిసింది. ఎనభైల మొదట్లో, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా, శాఖ ఒప్పుకుంది. వేరే కొండ నుంచి కొన్ని ఆడగొర్రెల్నీ ఒక పొట్టేలునీ పట్టి తెచ్చి అక్కడ వదిలాం. కానీ డైరెక్టరు ఒక షరతు పెట్టాడు. వచ్చే వసంతానికి పిల్లలు పుడితే సరే. లేకపోతే గొర్రెల్ని తిరిగి పట్టి వేరే చోటికి పంపేస్తారు, ఆ కొండ పేరు పథకంలోంచి కొట్టేస్తారు. మా పెద్దాయన తరవాత ఆ కొండ కోసం అడిగేవాళ్లు ఎవరూ లేరని అందరికీ తెలుసు.

వేసవిలోనే ఆ పొట్టేలుని ప్యూమా, అదే కొండసింహం, తినేసింది. ఇంకో అడవి పొట్టేలుని పట్టాలంటే ఆ సీజనులో కుదరదు, కొమ్ములు విరుగుతాయి, ప్రాణాలు పోతాయి. మిగిలింది మా ఆఫీసు దొడ్లో పెరిగినవాడు ఒక్కడే. చిన్నప్పుడు తల్లి చనిపోతే సీసాపాలతో పెంచాం. నట్టల మందు ముందు వాడి మీదే పరీక్షించేవాళ్లం. మంచి వయసు, మంచి కొమ్ములు, ఆరోగ్యంలో వంక పెట్టడానికి లేదు. ఒకటే లోపం. వాడికి మనుషులన్నా, మా శాఖ పికప్ ట్రక్ అన్నా ప్రాణం. ఎందుకంటే ఆపిల్ పిప్పి ఆ ట్రక్‌లోనే వచ్చేది. రసం తీసేసిన ఆపిల్ పిప్పి కాస్త పులిస్తే గొర్రెలు దాని వాసనకి ఎక్కడున్నా వస్తాయి. అందులోనే మందు కలిపేవాళ్లం. సరే, వేరే గతి లేక అక్టోబరులో వాడిని తీసుకెళ్లి కొండ మీద వదిలాం.

మా పెద్దాయనకి ఒక నియమం ఉండేది. అడవి గొర్రెలు కాలినడకన వచ్చే మనిషిని చూసి పారిపోతాయి గానీ బండిని చూసి పారిపోవు. అందుకని బండి దిగకూడదు, బండిలోంచే చూడాలి. రోజూ పొద్దున్నే ట్రక్‌ని ఆడగొర్రెలు మేసే చోటికి కింద ఉన్న చదునులో ఆపి, అద్దం సగం దించి, దూరానివి దగ్గరగా చూపించే స్కోప్ దానికి బిగించుకుని కూర్చునేవాళ్లం. పుస్తకాల ప్రకారం ఆ నియమంలో తప్పేమీ లేదు. మా కొంప ముంచింది కూడా అదే.

నవంబరు వచ్చింది. పైన ఆడగొర్రెలు ఒక్కొక్కటే ఎదకి రావడం మొదలైంది. మావాడికి మెడ లావెక్కింది, కళ్లు ఎర్రబడ్డాయి. ఒక పొద్దున వాడు ట్రక్ ముందు నిలబడి హెడ్‌లైట్ల వైపు చాలాసేపు చూశాడు. పిప్పి కోసం అనుకున్నాం. వాడు వెనక్కి వెనక్కి వెళ్లి, పరుగెత్తుకొచ్చి బంపర్‌ని ఢీకొట్టాడు. పెద్దాయన కాఫీ నా స్వెటర్ మీద పడింది. కొట్టాక పక్కకి తిరిగి, హెడ్‌లైట్లకి తన కొమ్ములు చూపిస్తూ ఠీవిగా నిలబడ్డాడు. మొన్నటిదాకా అమ్మలా పెంచిన ట్రక్ ఇప్పుడు వాడికి దాయాది అయిపోయింది!

మొదటి రోజు కడుపుబ్బ నవ్వుకున్నాం. మర్నాడూ నవ్వుకున్నాం. ఆ వారం చివరికి నవ్వు ఆగిపోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడికి ట్రక్‌తోనే సరిపోయేది. పైన రాతి అరుగు మీద ఆడగొర్రెలు వరసగా నిలబడి కిందికి చూసేవి. వాటిలో చెవికి పసుపు బిళ్ల ఉన్న ముసలి గొర్రె ఒకటి అందరికీ పెద్ద. అది మావాడి విన్యాసాలు కాసేపు చూసి, ఈ సంబంధం మాకొద్దన్నట్టు అటు తిరిగి పడుకునేది. ఆఫీసు గ్యారేజీలో బండ్లు బాగుచేసే ఆయన ప్రతి సోమవారం బంపర్ చూసి, "ఈ వారం కూడా అల్లుడేనా?" అని అడిగేవాడు.

మేం ఊరుకోలేదు. ట్రక్‌ని దూరంగా ఆపాం, వాడు వెతుక్కుంటూ వచ్చాడు. పిప్పి మానేశాం, వాడు అన్నం మానేసైనా కొట్టాడు. తోలుకుంటూ వెళ్లిపోదామంటే బండి వెనకాలే రోడ్డంతా పరుగెత్తాడు, ఆడవాళ్లకి ఇంకా దూరమయ్యాడు. చివరికి పెద్దాయన తన నియమం తనే పక్కన పెట్టి, ట్రక్‌ని కొండ కిందే వదిలేసి నడిచి వెళదామన్నాడు. వెళ్లాం. పైన ఆడగొర్రెలు మమ్మల్ని చూసి పారిపోయాయి. మావాడు మాత్రం పరమానందంగా మా వెనకాలే కుక్కపిల్లలా నడిచి, సాయంత్రం ట్రక్ దగ్గరికే దిగబెట్టాడు.

ఒకరోజు ట్రక్‌లో కూర్చుని దెబ్బ దెబ్బకీ ఊగుతూ పెద్దాయన అన్నాడు. "డాక్, వాడి తప్పేం లేదు. వాడు పద్ధతి ప్రకారమే చేస్తున్నాడు. కొడుతున్నాడు, కొమ్ములు చూపిస్తున్నాడు, జవాబు కోసం ఆగుతున్నాడు. ఈ ట్రక్ తిరిగి కొట్టదు, ఓడిపోయానని తప్పుకోదు. పాపం వాడికి తేలడం లేదు."

"మరి తేలాలంటే ఏం చెయ్యాలి?" అన్నాను.

"నేను బండి దిగి వాడిని తలతో కొట్టాలి" అన్నాడు. నవ్వలేదు. పైన అరుగు వైపు చూస్తూ, "ఇంకో రెండు వారాలు. తరవాత ఆడవాళ్లు మళ్లీ వచ్చే ఏడాదికి గానీ ఎదకి రారు. నాకు వచ్చే ఏడాది లేదు" అన్నాడు. నాన్న వయసు మనిషి, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. ఆ పొట్టేలుని పెంచిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఇదిలా ఉండగా కార్తీకమాసం. మాకు దగ్గరలో ఉన్న నగరం కారులో సగం రోజు ప్రయాణం. అక్కడ కొన్ని తెలుగు కుటుంబాలు ఉండేవి, అందరూ డాక్టర్లూ ఇంజనీర్లే. వాళ్లలో మత్తు డాక్టరుగా పనిచేసే ఒక పెద్దావిడని మేమంతా అక్కయ్య గారనే పిలిచేవాళ్లం. ఏ పండగైనా ఆవిడ చెప్పినట్టే జరిగేది. ఆవిడ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఈసారి వనభోజనాలకి మీ కొండలకే వస్తున్నాం. పోయినేడు ఇక్కడ పార్కులో పొయ్యి ముట్టిస్తే ఫైర్ ఇంజన్ వచ్చింది."

"అక్కయ్య గారూ, ఇక్కడ మంచు పడుతోందండీ."

"కార్తీకంలో తెల్లారగట్ల చన్నీళ్లు పోసుకున్నవాళ్లం, మంచుకి భయపడతామా? కోట్లు వేసుకుంటాం. ఉసిరిచెట్టు ఉందా అక్కడ?"

"ఇక్కడ ఉసిరెక్కడిదండీ? అన్నీ పైన్ చెట్లే."

"పోనీలే. ఊరి నుంచి తెచ్చిన ఉసిరికాయ పచ్చడి సీసా ఒకటుంది. దాన్ని పైన్ చెట్టు కింద పెట్టి దణ్ణం పెట్టేద్దాం. దేవుడు సర్దుకుంటాడు."

ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు. కొండకి బాగా కింద, ఏటి పక్కన ఒక పిక్నిక్ మైదానం ఉంది. అక్కడ పెట్టుకోమని చెప్పాను. ఆ ఆదివారం నాకు డ్యూటీ ఉంది. గొర్రెలకి ఆదివారాలు లేవు కదా. మధ్యాహ్నం నేనే దిగి వచ్చి కలుస్తానన్నాను. వాళ్లంతా శనివారం రాత్రికే మా ఊరు చేరారు కాబట్టి, పొద్దున వాళ్లని తీసుకురావాల్సిన మావారికి దారి రెండుసార్లు చెప్పాను. పెద్ద రోడ్డు మీద వంతెన దాటగానే ఎడమకి తిరగాలి, పొరపాటున కూడా పైకి రాకూడదు. ఆయన పేపరు చదువుతూ "ఊఁ" అన్నారు. పెళ్లయి అన్నేళ్లయినా ఆ "ఊఁ"కి అర్థం లేదని నాకు అప్పటికీ తెలియలేదు.

ఆదివారం పొద్దున ఎండ కాస్తోంది, రాత్రి కురిసిన మంచు నేల మీద పల్చగా మెరుస్తోంది. మేం ఎప్పటిలా చదునులో ట్రక్ ఆపాం. మావాడు ఎప్పటిలా వచ్చాడు. పైన అరుగు మీద పసుపు బిళ్ల ముసల్ది తోక అటూ ఇటూ ఆడిస్తూ నిలకడ లేకుండా తిరుగుతోంది. ఎదలో ఉందని ఇద్దరికీ అర్థమైంది. పెద్దాయన స్కోప్‌లోంచి కన్ను తియ్యలేదు. "వెళ్లరా, వెళ్లు, పైకి వెళ్లు" అని గొణుగుతున్నాడు. మావాడు బంపర్‌ని ఢామ్మని కొట్టి, పక్కకి తిరిగి కొమ్ములు చూపించాడు.

అప్పుడు కింద లోయలోంచి హారన్ వినిపించింది.

ఆ వెనకే ఇంకో హారన్. ఆ వెనక ఇంకోటి. ఆగి, మళ్లీ మొదలైంది. పెద్దాయన కంగారుగా, "ఎవరికైనా ప్రమాదం జరిగిందా?" అన్నాడు. నాకు వెంటనే అర్థమైపోయింది. అమెరికాలో కొండ మలుపు మలుపుకీ హారన్ కొట్టే మనిషి నాకు ఒక్కరే తెలుసు. మావారు శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద డ్రైవింగ్ నేర్చుకున్నారు. మలుపులో హారన్ కొట్టకపోతే ఎదర లారీ వస్తుందని ఆయన నమ్మకం. ఎదర లారీ కాదుకదా సైకిల్ కూడా లేని రోడ్లలో ఆయన హారన్ కొట్టుకుంటూ తిరిగేవారు. మా ఊళ్లోవాళ్లు పలకరిస్తున్నారనుకుని చెయ్యి ఊపేవారు.

ఆయన వెనకాల వస్తున్నవాళ్లదీ ఘాట్ రోడ్డు చదువే. ముందు బండి కొడితే వెనక బండి కొట్టాలి, అది మర్యాద. వంతెన దగ్గర తిరగాల్సిన మలుపు ఎవరూ చూడలేదు. మంచు మీద మా ట్రక్ చక్రాల గుర్తులు కనిపిస్తుంటే వాటినే పట్టుకుని వచ్చేశారు. ఆఖరి మలుపు తిరిగి, హెడ్‌లైట్లు వెలుగుతుండగా, పెద్ద పెద్ద స్టేషన్ వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి చదునులోకి వచ్చాయి. మొదటిది మాది.

"డాక్, ఎవరు వీళ్లు?" అన్నాడు పెద్దాయన.

"మావాళ్లే" అన్నాను. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

మావాడు ట్రక్‌ని వదిలేసి వాళ్ల వైపు తిరిగాడు. అంత పొడవు పొట్టేళ్ల వరస వాడెప్పుడూ చూసి ఉండడు. అయినా వెనక్కి తగ్గలేదు. మా వ్యాగన్‌కి ఎదురుగా నడిచి, పక్కకి తిరిగి, తన కొమ్ములు చూపించాడు. అది చూసి మావారు ఏమనుకున్నారో నేను చెప్పగలను. మన ఊళ్లో రోడ్డుకి అడ్డంగా గేదె నిలబడితే ఏం చేస్తామో అదే చేశారు. హారన్ మీద అరచెయ్యి పెట్టి అలాగే నొక్కి ఉంచారు. వెనకవాళ్లంతా సాయం పట్టారు. కొండలన్నీ మారుమోగిపోయాయి.

మావాడు ఒక్కసారి ఎగిరి నాలుగు కాళ్ల మీద దిగాడు. వ్యాగన్ వైపు చూశాడు. దాని వెనకున్న వరస వైపు చూశాడు. చివరికి మా ట్రక్ వైపు చూశాడు, ఇన్నాళ్లూ నోరెత్తనిది నీవాళ్లు వస్తారనా అన్నట్టు. తరవాత తల దించాడు. మెల్లగా అటు తిరిగి, మంచులోంచి ఒక గడ్డిపరక కొరికాడు.

పెద్దాయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మేస్తున్నాడు" అన్నాడు. "డాక్, వాడు మేస్తున్నాడు. ఓడిపోయాడు!"

గడ్డి కొరుకుతూ ఒక అడుగు, మంచు నాకుతూ ఒక అడుగు, తనకేమీ పట్టనట్టు మావాడు చదును దాటి ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

"ఎవరినీ దిగొద్దని చెప్పు!" అన్నాడు పెద్దాయన. నేను అద్దం దించి తెలుగులో గావుకేక పెట్టాను. "దిగకండి! ఎవరూ బండి దిగకండి!"

మావారు అద్దం దించారు. "ఏమోయ్, ఏంటా జంతువు? మీద పడుతుందా?"

"హారన్ మీంచి చెయ్యి తియ్యండి ముందు!"

వెనక బండిలోంచి అక్కయ్య గారు తల బయటపెట్టింది. "అమ్మాయ్, పులిహోర చల్లారిపోతోంది. ఎంతసేపు?"

"పెళ్లిచూపులు జరుగుతున్నాయండీ, కాసేపు కూర్చోండి" అన్నాను. ఆ ఒక్క మాటతో అందరూ చప్పున సర్దుకుని కూర్చున్నారు. హారన్లు ఆగాయి, ఇంజన్లు ఆగాయి. అంతమంది తెలుగువాళ్లు ఒకచోట చేరి అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేను ముందూ చూడలేదు, తరవాతా చూడలేదు. పిల్లలంతా కారు అద్దాలకి ముక్కులు ఆనించి చూస్తున్నారు.

మావాడు అరుగు చేరాడు. ఆడగొర్రెలు లేచి నిలబడ్డాయి. ఇన్నాళ్లూ ట్రక్‌తో కుస్తీ పట్టిన వాడికి మిగతా పద్ధతులు తెలుసో లేదోనని నాకు దడగా ఉంది. వాడికి ఎవరూ నేర్పలేదు, తండ్రిని చూడలేదు, మరో పొట్టేలు మొహం ఎరగడు. వాడు మెడ నేలబారుగా చాచాడు, తల ఒక పక్కకి తిప్పాడు, మెల్లగా ముసలిదాని వైపు నడిచాడు. అది పారిపోయింది. వాడు వెంటపడ్డాడు. రాళ్ల మీద, అంచుల మీద, మేకైనా దిగలేని చోట్ల రెండూ ఎగురుకుంటూ తిరిగాయి. ఆగినప్పుడు వాడు మూతి పైకెత్తి పెదవి మడిచి గాలి వాసన చూశాడు. ముందు కాలు చాచి దాని పక్కని సుతారంగా తట్టాడు. అంతా వచ్చు వాడికి! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పెద్దాయన స్కోప్ నాకివ్వకుండా పట్టుకుని, చూస్తున్నదంతా నాకు చెబుతూనే ఉన్నాడు. చివరికి ముసల్ది ఆగింది. ఆ తరవాత జరిగింది చూసి వెనక బండిలో ఒక తల్లి పిల్లల కళ్లు మూసేసింది. పెద్దాయన మాత్రం స్టీరింగ్ మీద తల ఆనించి అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. నేను కిటికీలోంచి అటు చూస్తూ కూర్చున్నాను.

తరవాత అందరం చప్పుడు చెయ్యకుండా, ఒక్క హారన్ కూడా కొట్టకుండా, ఏటి పక్క మైదానానికి దిగాం. అక్కయ్య గారు పైన్ చెట్టు కింద మంచు తుడిచి, పచ్చడి సీసాకి బొట్టుపెట్టి, దీపం వెలిగించింది. కోట్లూ టోపీలూ వేసుకుని, పేపరు ప్లేట్లు చేతుల్లో పట్టుకుని, మంచులో నిలబడి పులిహోర తిన్నాం. పెద్దాయనని కూడా లాక్కొచ్చాం. ఆయన ఉసిరికాయ పచ్చడి రుచి చూసి, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ కావాలన్నాడు. అక్కయ్య గారు ఆయనకి పక్కనే నిలబడి కొసరి కొసరి వడ్డించింది.

మా స్నేహితుల అబ్బాయి ఒకడు వచ్చి ఆయన్ని అడిగాడు. "ఎవ్వరూ హిట్ చెయ్యలేదు కదా, మరి వాడెలా లూజ్ అయ్యాడు?"

"గొర్రెల్లో సగం తగాదాలు కొట్టుకోకుండానే తేలిపోతాయి" అన్నాడు పెద్దాయన. "ఎదటివాడు తనకంటే పెద్దవాడని ఒప్పుకోవడం వాటికి వచ్చు." తరవాత మావారి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. మావారికి ఎందుకో అర్థం కాలేదు. దారి తప్పినందుకు నా చేత చీవాట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, అభినందనలు అందుకుని ఆ సాయంత్రమంతా గర్వంగా తిరిగారు.

ఆ రోజు రిపోర్టు నేనే రాయాలి. ఏం రాయను? వాహనాల రద్దీ వల్ల పొట్టేలు ప్రవర్తనలో ఆశించదగిన మార్పు కనిపించింది అని రాశాను. అది అబద్ధం కాదు. హారన్ల వల్లే వాడు ఓడిపోయాడని నేను రుజువు చెయ్యలేను కూడా. పైన ముసల్ది ఎదలో ఉన్న వాసన అప్పుడే వాడికి తగిలిందేమో, గాలి తిరిగిందేమో. సైన్సులో ఒక్కసారి జరిగినదానికి విలువ లేదు. మీరు ఏ పనిలో ఉన్నా ఈ ముక్క గుర్తుంచుకోండి. దానితో పాటు ఇంకోటి కూడా. మా తెలివితేటలన్నీ అయిపోయాక మాకు పని చేసిపెట్టినవాళ్లు గొర్రెల గురించి ఏమీ తెలియనివాళ్లు, భోజనానికి వచ్చినవాళ్లు. అప్పటి నుంచీ నేను పనిలో ఎవరి గోలనీ పూర్తిగా విసుక్కోలేదు.

మిగతా సీజనంతా ట్రక్‌ని కొండకి అవతల దాచి, లోయ ఇవతల నుంచి స్కోప్‌తో చూశాం. మావాడు మళ్లీ కిందికి రాలేదు. ఒకదాని తరవాత ఒకటి, ఎదకి వచ్చిన ప్రతిదాని పక్కనా కాపలా కాశాడు. చిక్కి సగమయ్యాడు. అయినా చూడటం వేరు, కడుపు పండటం వేరు. చలికాలమంతా పెద్దాయన ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. డైరెక్టరు మాత్రం ఒకసారి వచ్చి, గొర్రెల్ని పట్టడానికి వేసవిలో హెలికాప్టర్ ఖాళీగా ఉందని గుర్తుచేసి వెళ్లాడు.

మే నెల వచ్చింది. ఈనే ముందు ఆడగొర్రెలు మందని వదిలేసి, ఎవరికీ అందని కొండ అంచుల్లోకి వెళ్లి దాక్కుంటాయి. మావి కూడా కనిపించడం మానేశాయి. ఈనడానికి వెళ్లాయో, కొండసింహానికి దొరికాయో తెలియదు. రోజూ నడిచి ఎక్కేవాళ్లం. రోజూ ఖాళీ రాళ్లు చూసి దిగేవాళ్లం. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. నేను వెళతాను మీరు కింద ఉండండంటే వినేవాడు కాదు.

నెలాఖరులో ఒక పొద్దున, కొండకి ఎండ తగిలే పక్కకి చేరి స్కోప్ నిలబెట్టాం. ముందు నేను చూశాను. అంచు మీద పసుపు బిళ్ల ముసల్ది నిలబడి ఉంది. పొట్ట కింద ఏదో బూడిదరంగు కదిలింది. అది తోక విదిలించింది. దాని వెనక రాతి నీడలోంచి ఇంకో తల్లి వచ్చింది, ఆ వెనక ఇంకోటి. ప్రతిదాని కాళ్ల మధ్యా ఒకటి, సన్నటి కాళ్లు, తడబడే అడుగులు. పక్కకి తప్పుకుని స్కోప్ ఆయనకిచ్చాను.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు, మళ్లీ చూశాడు. "ఈ కొండ మీద మళ్లీ ఒక గొర్రెపిల్లని చూడటానికి నా వయసంతా పట్టింది, డాక్" అన్నాడు. తరవాత ఆ రాతి మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. గొర్రెలు బెదురుతాయని కూడా చూడకుండా, లోయంతా వినపడేలా నవ్వాడు. తల్లులన్నీ తలెత్తి మా వైపు చూశాయి. పిల్లలు మాత్రం పాలు తాగడం ఆపలేదు.